తేలిక తుపాకీ తప్పు దాచదు

అమెరికాలో షూటింగ్ రేంజ్‌కు మొదటిసారి వెళ్లే మనవాళ్లలో చాలామంది కౌంటర్ దగ్గరే తప్పటడుగు వేస్తారు. గోడకు వరసగా పెట్టిన వాటిలో సినిమాల్లో చూసిన పెద్ద రైఫిలో, చేతినిండా కనిపించే పిస్టలో అద్దెకు అడుగుతారు. నాలుగు గుళ్లు పేల్చేసరికి భుజం అదురుతుంది, చెవులు గింగురుమంటాయి, ఐదోది పేలకముందే కళ్లు మూసుకుపోతాయి. చివరికి ఫోన్‌లో ఫొటో మిగులుతుంది. ఒంటికి అలవాటైంది మాత్రం ఉలికిపాటు ఒక్కటే.

అదే వరసలో ఓ మూలగా నిలబెట్టి ఉండే చిన్న తుపాకీ గురించి ఈ అధ్యాయం. పేరు .22 కార్బైన్. బరువు రెండు కిలోలకు అటూ ఇటూ, పొడవు మూడడుగులు, భుజానికి తగిలే దెబ్బ దాదాపు లేనట్టే. కాగితం మీద గురి సాధనకూ, ఉడుత, కుందేలు లాంటి చిన్న వేటకూ అమెరికన్ పల్లెల్లో తరతరాలుగా కొత్తవాళ్ల చేతికి మొదట ఇచ్చేది ఇలాంటిదే.

తుపాకీ కొనమనో, మానమనో చెప్పడం ఈ పుస్తకం పని కాదు. రేంజ్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా సాధన చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఇందులో చూద్దాం. ఇంకొకటి కూడా ఉంది. మన పనికి ఎవరో మార్కులు వేయకముందే మనమే దాన్ని నిజాయితీగా తూచుకోవడం గొప్ప గుణం. ఆ గుణాన్ని ఈ చిన్న తుపాకీ నేర్పినంత సూటిగా నేర్పేవి తక్కువ.

తేలిక ఎక్కడి నుంచి వచ్చింది

కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. మొదట గుర్రపు దళాల కోసం తయారైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, అమెరికన్ సైన్యం ఎంచుకున్న ఎం1 కార్బైన్ బరువు సుమారు 2.4 కిలోలు. పదాతి సైనికుడు మోసిన ఎం1 గరాండ్ రైఫిల్ నాలుగు కిలోల పైమాటే. తుపాకీ పట్టడమే పనిగా లేనివాళ్లు, వేరే పనులతో చేతులు నిండి ఉండేవాళ్లు మోయగలగాలన్నది ఆ తేలిక వెనుక ఆలోచన.

1964లో రూగర్ కంపెనీ తెచ్చిన 10/22లో ఆ కార్బైన్ పోలికలు కనిపిస్తాయి. 18.5 అంగుళాల బ్యారెల్, సుమారు 5 పౌండ్ల బరువు, పది తూటాలు పట్టే రోటరీ మ్యాగజైన్. రిసీవర్ అల్యూమినియం మిశ్రమం. బ్యారెల్‌ను మరమేకులా తిప్పి బిగించకుండా రెండు స్క్రూలతో పట్టి ఉంచే ఏర్పాటు చేశారు. దాంతో ఇంట్లో బల్ల మీదే బ్యారెల్ మార్చుకోవడం సాధ్యమైంది, దాని విడిభాగాల చుట్టూ ఒక చిన్న పరిశ్రమే పెరిగింది. ఇప్పటికి యాభై లక్షలకు పైనే అమ్ముడయ్యాయి. 2012లో రెండు ముక్కలుగా విడదీసి సంచిలో సర్దుకునే టేక్‌డౌన్ మోడల్ వచ్చింది.

ఇప్పుడు వస్తున్న కొత్త తేలిక కార్బైన్లు చాలావరకు ఇదే దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లినవే. ఉక్కు గొట్టాన్ని బాగా సన్నగా చేసి పైన అల్యూమినియం తొడుగో, కార్బన్ ఫైబర్ చుట్టో వేస్తారు. చెక్క మడమ (స్టాక్) బదులు పాలిమర్ వాడతారు. బ్యారెల్‌ను 16 అంగుళాల పైచిలుకు దగ్గర ఆపేస్తారు. అంతకన్నా పొట్టిగా చేస్తే 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద వేరే రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది మరి.

కొనేటప్పుడు బరువు కన్నా ముందు మీ కొలత చూసుకోండి. మడమ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరం మామూలు 10/22లో సుమారు 13.5 అంగుళాలు. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు అది ఎక్కువ. వాళ్లు తుపాకీని అందుకోవడానికి వెనక్కి వంగి నిలబడతారు, ఆ వంపులోనే గురి పోతుంది. మడమ పొట్టిగా ఉండే కాంపాక్ట్ మోడళ్లు వాళ్ల కోసమే. భుజానికి ఆనించినప్పుడు మెడ చాచకుండా చెంప మడమ మీద వాలాలి, కన్ను దానంతటదే సైట్ వెనక్కి రావాలి. అలా కుదిరితేనే అది మీ తుపాకీ.

తేలికకు కట్టే సుంకం

తేలికంటే సుఖమే అనుకుంటాం. మోసేటప్పుడు అది నిజం. గురి పెట్టేటప్పుడు లెక్క మారుతుంది. బరువైన రైఫిల్ కదలడానికి మొరాయిస్తుంది, అందుకే మన చిన్న చిన్న తప్పుల్ని మింగేస్తుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు 5.5 కిలోల దాకా బరువును అనుమతిస్తారు, షూటర్లు ఆ బరువుకు దగ్గరగా పెట్టుకునేది నిలకడ కోసమే. రెండు కిలోల కార్బైన్ అలా కాదు. కంసాలి త్రాసు ఊపిరి తగిలితేనే ఊగినట్టు, గుండె కొట్టుకున్నా, వేలు పక్కకు నొక్కినా దాని మూతి కదిలిపోతుంది.

ట్రిగ్గర్ సంగతి చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 10/22 ట్రిగ్గర్ లాగడానికి సుమారు ఐదారు పౌండ్ల బలం కావాలి. తుపాకీ బరువే ఐదు పౌండ్లు. అంటే తుపాకీ ఎంత బరువుందో అంత బలాన్ని ఒక్క వేలితో ప్రయోగిస్తూ, దాన్ని వెంట్రుకవాసి కూడా కదలకుండా ఉంచాలి. ఆ వేలు సూటిగా వెనక్కి వస్తే గుండు మధ్యలో పడుతుంది. చటుక్కున గుంజితే కుడిచేతి వాటం వాళ్లకు తరచుగా కిందకో పక్కకో పోతుంది.

ఇక్కడ .22 తూటా మేలు తెలుస్తుంది. 1887 నుంచీ వాడుకలో ఉన్న .22 లాంగ్ రైఫిల్ తూటాలో గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. వెనక్కి తన్నడం లేదు, పెద్ద మోత లేదు. కాబట్టి గురి తప్పితే నెపం పెట్టడానికి ఏమీ ఉండదు. పెద్ద రైఫిల్‌తో తప్పితే భుజం నొప్పి మీదికి నెట్టేయవచ్చు. ఇక్కడ కాగితం మీద పడిన ప్రతి రంధ్రం మీ వేలు, మీ ఊపిరి, మీ తొందర ఏం చేశాయో చెబుతుంది. వినే ఓపిక ఉన్నవాళ్లకు అంతకన్నా మంచి గురువు దొరకడు.

ముందు మీ హోదా చూసుకోండి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గాని, తూటాలు గాని కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని గంటసేపు పట్టుకోవడం కూడా చట్టం దృష్టిలో కలిగి ఉండటమే. "స్నేహితుడిది కదా, నేను కొనలేదు కదా" అన్న మాట నిలవదు. ఇది జరిమానాతో పోయే విషయం కాదు, నేరం కింద లెక్క. వీసా, గ్రీన్ కార్డ్ ఆశలు దాంతోనే పోవచ్చు. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు, అయినా రాష్ట్రాల నియమాలు వేరువేరుగా ఉంటాయి. అనుమానం ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, ఆ తర్వాతే రేంజ్ గేటు దాటండి.

నాలుగు నియమాలు, మినహాయింపు లేదు

తుపాకీ శిక్షణలో ప్రపంచమంతా చెప్పుకునే నాలుగు సూత్రాలకు ఇప్పుడున్న రూపం ఇచ్చింది అమెరికన్ శిక్షకుడు జెఫ్ కూపర్. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. నాశనం కాకూడదనుకునే దేనివైపూ మూతి తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. గురి ఏమిటో, దాని వెనుక ఏముందో తెలిసి ఉండాలి.

పొట్టి కార్బైన్‌తో వీటిలో రెండోది ఎక్కువగా తప్పుతారు. తేలిగ్గా ఉంటుంది కాబట్టి పక్కవాళ్లతో మాట్లాడుతూ ఒంటిచేత్తో పట్టుకుని తిరుగుతారు, తుపాకీ కూడా వాళ్లతోపాటే తిరుగుతుంది. .22 కదా, బొమ్మలాంటిదే కదా అన్న చులకన ఇంకా ప్రమాదం. ఆ చిన్న గుండు గాల్లోకి ఎత్తి పేలిస్తే మైలున్నర దాకా పోగలదు.

చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా రేంజ్‌లో నిలబడకండి. "సీజ్ ఫైర్" అని ఎవరు అరిచినా వెంటనే ఆపాలి, మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, చేతులు వెనక్కి తీసుకోవాలి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. మందు అంచులో ఉండే .22 తూటాల్లో ఈ మొరాయింపు మామూలే. అయ్యాక చన్నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏమీ తినకండి. సీసం చేతికి అంటుకుని ఉంటుంది.

సాధన నాలుగు మెట్లు

మొదటి మెట్టు: కుదురు. ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి, పాతిక గజాల్లో ఐదేసి గుళ్ల చొప్పున పేల్చండి. మధ్యలో పడ్డాయా అని చూడకండి, ఐదూ ఒకచోట పడ్డాయా అని చూడండి. గుంపు ఎక్కడున్నా ఫరవాలేదు, దగ్గరగా ఉంటే చాలు. రెండు మూడు రకాల తూటాలు ప్రయత్నించండి. ఒకే తుపాకీ ఒక రకంతో చక్కగా, ఇంకో రకంతో చెల్లాచెదురుగా కొడుతుంది.

రెండో మెట్టు: జీరో. గుంపు దగ్గరపడ్డాక సైట్‌ను సర్దండి. స్కోప్ క్లిక్ పావు ఎంఓఏ (కోణపు కొలత) అయితే, 50 గజాల్లో ఒక అంగుళం జరగడానికి 8 క్లిక్‌లు, 25 గజాల్లో 16. ఒక్క గుండును చూసి సైట్ తిప్పకండి, గుంపును చూసి తిప్పండి. జీవితంలో కూడా ఒక్కరోజు ఫలితం చూసి పద్ధతి మార్చేసేవాళ్లు ఏ పద్ధతినీ తెలుసుకోలేరు. 50 గజాలకు సర్దిన .22 గుండు వంద గజాలకు వెళ్లేసరికి సుమారు అరడుగు కిందికి దిగుతుందని గుర్తుంచుకోండి.

మూడో మెట్టు: ముందే చెప్పడం. ఈ అధ్యాయానికి గుండెకాయ ఇదే. గుండు పేలిన క్షణంలో సైట్ ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. దూరదర్శిని వైపు చూడకముందే, "కుడివైపు, కాస్త కింద" అని పైకి చెప్పండి, నోట్‌బుక్‌లో రాయండి. ఆ తర్వాత కాగితం చూడండి. మీరు చెప్పిందీ, కాగితం చెప్పిందీ కలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో మీకు తెలుసన్నమాట. తెలిసిన తప్పును దిద్దుకోవచ్చు. కలవకపోతే పేలే క్షణంలో కళ్లు మూశారనో, మనసు అప్పటికే ఫలితం మీదికి వెళ్లిపోయిందనో అర్థం. మధ్యలో పడిన గుండును కూడా మీరు ముందే చెప్పలేకపోతే అది అదృష్టమే గాని నైపుణ్యం కాదు.

ఉలికిపాటు పోవాలంటే స్నేహితుడితో మ్యాగజైన్ నింపించండి, మధ్యమధ్య మందులేని డమ్మీ తూటాలు కలపమనండి. ఏది ఎప్పుడొస్తుందో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు మూతి కిందికి దూకితే, ఇన్నాళ్లూ పేలుడు చాటున దాక్కున్న అలవాటు బయటపడుతుంది.

నాలుగో మెట్టు: ఆసరా తీసేయడం. బల్ల వదిలి పడుకుని, కూర్చుని, నిలబడి పేల్చండి. తుపాకీ పట్టీని మోచేతికి చుట్టి బిగిస్తే తేలిక కార్బైన్‌కు కావలసిన నిలకడ చాలావరకు వస్తుంది. ఒంటరిగా నేర్చుకోవడం కష్టమనిపిస్తే 2006 నుంచి అమెరికా అంతటా నడుస్తున్న ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ శిబిరాలు ఉన్నాయి. అక్కడ చాలామంది తెచ్చుకునేది .22 కార్బైన్లే. పాతిక మీటర్ల దూరంలో, దూరాన్ని బట్టి చిన్నవి చేసిన బొమ్మల మీద పరీక్ష పెడతారు. 250కి 210 తెచ్చుకుంటే రైఫిల్‌మ్యాన్ అంటారు. మొదటిరోజు పొద్దున్న మన స్కోరు ఎంత తక్కువో చూసుకోవడం అహంకారానికి మంచి మందు.

గురి ఉన్నా పేల్చకపోవడం

రాముడి వారధికి ఇసుక మోసిన ఉడుత కథ విని పెరిగినవాళ్లం. ఉడుత వేట అనగానే మనలో చాలామందికి మనసొప్పదు. ఒప్పకపోతే కాగితంతో ఆగిపోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. అమెరికన్ గ్రామీణ కుటుంబాల్లో మాత్రం అది వండుకుని తినే వేట. లైసెన్సులు, సీజన్లు, రోజుకు ఎన్ని అన్న పరిమితులు అన్నీ రాష్ట్రం నిర్ణయిస్తుంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2 నాడు గాని, ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం ఫెడరల్ పన్ను ఉంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం అది వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది.

వేటకు వెళ్లేవాళ్లకు ఒక కొలబద్ద చెబుతాను. ఉడుత తల ఒకటిన్నర అంగుళం అనుకోండి. అంతే వ్యాసమున్న వలయం కాగితం మీద గీసి, బల్ల లేకుండా, అడవిలో కూర్చునే తీరులోనే కూర్చుని ఐదు గుళ్లు పేల్చండి. ఐదుకు ఐదూ లోపల పడిన దూరమే మీ వేట దూరం. నాలుగే పడితే ఆ దూరం మీది కాదు, దగ్గరికి రండి. తప్పిన ఐదోది అడవిలో గాయపడి చెట్టు తొర్రలో చచ్చే ప్రాణి. కొమ్మ మీద ఆకాశం నేపథ్యంగా కనిపించే ఉడుతను ఎప్పుడూ కొట్టకూడదు. గుండు ఎక్కడ దిగుతుందో చెప్పలేం. వెనుక మాను అడ్డుగా ఉంటేనే పేల్చాలి. కుందేలును కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, మాంసం బాగా ఉడికించండి. టులరేమియా అనే జబ్బు వాటి నుంచి మనుషులకు అంటుతుంది.

రోజంతా తిరిగి ఒక్క గుండూ పేల్చకుండా ఇంటికి రావడం చిన్న వేటలో ఓటమి కాదు. మూడో మెట్టులో మీరు నేర్చుకున్నది ఇక్కడే పనికొస్తుంది. గుండు ఎక్కడ పడిందో పేలాక చెప్పగలిగినవాడు, ఎక్కడ పడబోతుందో పేల్చకముందే చెప్పగలుగుతాడు. చెప్పలేని రోజున వేలు తీసేస్తాడు. అవకాశం కనిపించిన ప్రతిసారీ చేయి చాచకపోవడం ఉద్యోగంలో, వ్యాపారంలో, మాటలో కూడా అవసరమయ్యే నిగ్రహమే.

ఇంటికి తెచ్చాక

తేలిక తుపాకీని పిల్లలూ తేలిగ్గానే ఎత్తగలరు. తూటాలు తీసేసి, తాళం వేసిన సేఫ్‌లో పెట్టండి. తూటాలకు వేరే చోటు, వేరే తాళం ఉండాలి. రెండు ముక్కలుగా విడదీసే మోడల్ అయితే ముక్కలు కూడా విడిగా దాచండి. బీరువా పైన, మంచం కింద పెట్టి పిల్లలకు తెలియదనుకోవడం భ్రమ. పిల్లల చేతికి చిక్కేలా ఉంచిన పెద్దల్ని చాలా రాష్ట్రాల చట్టాలు నేరస్థులుగా చూస్తాయి.

ఇంకో నిజాన్ని కూడా ఎదుర్కోవాలి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయినప్పుడు, సంసారం చెదిరినప్పుడు, ఇంట్లో ఎవరి మనసైనా కుంగినప్పుడు తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. మీ రాష్ట్ర నియమాల ప్రకారం దాన్ని భద్రపరచగల చోటికి తరలించండి. 988కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా మాట్లాడేవాళ్లుంటారు. అడగడానికి సిగ్గుపడకండి.

ఇండియాలో ఉన్న పాఠకులకు

మన దగ్గర వేట దారి మూసుకుపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును కొట్టినా కేసే. గురి నేర్చుకునే దారి మాత్రం తెరిచే ఉంది. అది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. దాని టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటర్ మాత్రమే. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ విభాగంలోనే. మందు, మోత లేని ఆ తుపాకీకీ పైన చెప్పిన నాలుగు మెట్లూ చాలావరకు వర్తిస్తాయి. మీ ఊరికి దగ్గర్లో గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బో, అకాడమీయో వెతుక్కోండి. సొంతంగా కొనే ఆలోచన తర్వాత చేయవచ్చు.

ఈ అధ్యాయం సాధన

1. రేంజ్‌కు వెళ్లేముందు మీ వీసా హోదా, రాష్ట్ర నియమాలు రాతపూర్వకంగా సరిచూసుకోండి.
2. మొదటి రోజు .22 తప్ప మరేదీ ముట్టుకోకండి. ఒక శిక్షకుణ్ణి పక్కన పెట్టుకోండి.
3. ప్రతి గుండుకూ నోట్‌బుక్‌లో రెండు గడులు గీయండి. ఒకటి మీ అంచనాకు, రెండోది కాగితం తీర్పుకు. మొదటి గడి నింపకుండా రెండోది చూడకండి.
4. ఇదే రెండు గడుల పద్ధతిని ఒక నెలపాటు మీ పనికీ వాడండి. ఇంటర్వ్యూ అయ్యాక, ప్రాజెక్ట్ అప్పగించాక, పరీక్ష రాశాక, ఫలితం రాకముందే ఎక్కడ బాగా చేశారో, ఎక్కడ జారారో రాసిపెట్టండి. ఫలితం వచ్చాక పోల్చుకోండి.

రెండు గడులూ కలిసే రోజులు పెరుగుతున్నాయంటే మీరు ఎదుగుతున్నట్టే. స్కోరు దాని వెంట వస్తుంది. స్కోరు పెరిగినా గడులు కలవకపోతే మళ్లీ పాతిక గజాలకు రండి, ఇసుక సంచి ముందు కూర్చోండి, ఐదు గుళ్లతో మళ్లీ మొదలుపెట్టండి.